అట్ట వెనకవైపు

కౌనస్ నగరం నుంచి విమానాశ్రయానికి వెళ్లే దారంతా మంచు. వాచిన మోకాలు చాపుకుని క్లబ్బు డ్రైవరు పక్కన కూర్చున్న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడికి, కాళ్ల దగ్గర తన పేరున్న అట్ట దొరికింది.

“నేను దిగిన రోజు నువ్వు పట్టుకు నిలబడ్డది ఇదే కదా, పెద్దాయనా?”

“వెనక్కి తిప్పకు, బాబూ.”

తిప్పాడు. తడి ఆరని సిరాతో ఇంకెవరిదో పేరుంది.

“మీ క్లబ్బులో అట్టలకీ కరువేనా! ఎప్పుడొస్తున్నాడు వీడు?”

“నిన్ను దింపేసి అతన్నే ఎక్కించుకోవాలి.”

“అయితే వాడికి ఒక్కమాట చెప్పు. మోకాలు నొప్పని డాక్టరు దగ్గర పొరపాటున కూడా అనొద్దని. సోమవారం అన్నాను, బుధవారానికల్లా జట్టులోంచి పొమ్మన్నారు.”

“నీ ముందువాడూ నీకు ఇదే చెప్పమన్నాడు.”

“మరి చెప్పలేదేం?”

“నవ్వుకుంటూ దిగావు, బాబూ. నోరు రాలేదు.”

“వీడూ నవ్వుకుంటూనే దిగుతాడు, పెద్దాయనా.”