వేపనూనె విచారణ

ఇంటి వెనక గది. అరల్లో పన్నెండు మనీప్లాంట్ కుండీలు, వాటికి జానెడు ఎత్తులో ఆర్పేసిన లైట్లు. వదిన, మరిది.

"ఆకులేనా ఇవి? పట్టుకుంటే పెళపెళమంటున్నాయి!"

"కొంచెం... వాడాయి వదినా."

"వాడడం వేరు, మాడడం వేరు. పదోతరగతికి పన్నెండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నా, ఆ మాత్రం తేడా తెలీదా నాకు? ఏం పోశావ్ వీటికి?"

"పోయలేదు. స్ప్రే కొట్టా."

"ఏం కొట్టావ్?"

"పిండినల్లి పట్టింది వదినా. తెల్లగా, దూది అంటించినట్టు. మొదట మూడు కుండీలకే ఉండేది, తర్వాత..."

"నేనడిగింది పురుగు సంగతి కాదు."

"వేపనూనె."

"అబ్బో!"

"సహజమైనదే కదా వదినా."

"పాము విషం కూడా సహజమైనదే. ఓ చెంచా తాగి చూపించు, అప్పుడు నమ్ముతా."

"అది కాదు, చెట్టునుంచి వచ్చిన నూనె మొక్కనేం చేస్తుందని..."

"చెట్టూ మొక్కా చుట్టాలని నీతో ఎవరు చెప్పారు? సహజం, సహజం అంటూ పీపాలు పీపాలు కొట్టేవాళ్లంతా నీలాంటివాళ్లే. ఎప్పుడు కొట్టావ్?"

"అదే... తీరిగ్గా ఉన్నప్పుడు."

"నువ్వు తీరిగ్గా లేనిదెప్పుడు? సరే, నిలబడు. మా పిల్లల్ని వైవాలో అడిగినట్టే అడుగుతా. నూనె ఎంత?"

"లీటరు నీళ్లకి ఒక చెంచా."

"ఏ చెంచా? గరిటెని కూడా చెంచా అనే రకం నువ్వు."

"టీ చెంచా వదినా. పైన మిగిలింది గీసేసి మరీ కొలిచా."

"నీళ్లు?"

"గోరువెచ్చటివి. చల్లటివైతే నూనె కలవదని సీసా మీద రాశారు."

"సీసా మీద రాసింది చదివావా? నువ్వా? కరెంటు బిల్లు మీద మన ఇంటి నంబరు కూడా చదవవు, పక్కింటివాళ్ల బిల్లు తెచ్చి ఫ్రిజ్ మీద పెడతావ్! సబ్బు ఏది? ఆగు, చెప్పకు, నేనే చెబుతా. గిన్నెలు తోమే సబ్బు గుమ్మరించావ్. అందుకే మాడాయి. దొరికావ్!"

"లేదు వదినా. బాబుకి వాడే మెత్తటి సబ్బు. నాలుగు చుక్కలు."

"నా కొడుకు సబ్బా?"

"నాలుగే చుక్కలు."

"వాడి ఒంటికి నాలుగు చుక్కలు పట్టించడానికి నేను ఇల్లంతా పరిగెడుతుంటే, నువ్విక్కడ పురుగులకి స్నానాలు చేయిస్తున్నావా? బాగుంది. ముందు ఒక్క ఆకు మీద కొట్టి చూశావా? చూడవు. అందరూ చేసే తప్పు అదే."

"చూశా. అడుగున ఉన్న ఆకు మీద కొట్టి, ఒక రోజంతా ఆగా. ఏమీ కాలేదు."

"ఆగావా? ఎర్రలైటు దగ్గరే ఆగలేని మనిషివి, రోజంతా ఆగావా?"

"ఆగా వదినా."

"కిటికీ?"

"తీశా. ఫ్యాను పెట్టా. ముక్కుకి మాస్కు, చేతులకి గ్లౌజులు."

"పిల్లి?"

"ఆ వాసన దానికి పడదని ముందే వంటింట్లోకి పంపి తలుపేశా."

"ఓహో, పాలగిన్నె ఖాళీ అయింది అందుకా! నేనేమో మీ అన్నయ్యని తిట్టాను."

"ఆయన ఏమన్నారు?"

"ఏమంటారు, పడ్డారు. ఇదిగో, నాకిప్పుడు నిజంగా కోపమొస్తోంది. కొలత సరే, నీళ్లు సరే, సబ్బు సరే, గాలి సరే. అన్నీ సరే అయితే ఇవెందుకు మాడాయి? ఎక్కడో ఓ చోట వెధవ్వేషం వేసే ఉంటావ్. లేకపోతే నువ్వు నువ్వు కాదు."

"నాదే తప్పు వదినా. వదిలేయండి."

"ఎలా వదిలేస్తా? ఇవాళ నాలుగింటికి పళ్ల డాక్టరు మనిషి వీటిని చూడ్డానికి వస్తాడు. ఈ పన్నెండూ కళకళ్లాడుతుంటే ఆ డాక్టరు మూడు క్లినిక్కుల్లో మొక్కలు పెట్టి చూసుకునే పని నీ చేతికి. లేదంటే సోమవారం నుంచి మీ అన్నయ్య స్నేహితుడి గోడౌన్‌లో అట్టపెట్టెలకి చీటీలు అంటించుకోవాలి. నీ నోటితో నువ్వొప్పుకున్న మాటే కదా?"

"ఒప్పుకున్నా."

"తెలిసే ఈ పని చేశావా? రెండేళ్లు ఉద్యోగం లేకుండా తిరిగి తిరిగి, ఇన్నాళ్లకి ఒక పని నచ్చిందన్నావ్. మొహంలో కాస్త వెలుగొచ్చింది. నా గది ఇది. నా పుస్తకాలన్నీ మంచం కింద కుక్కుకుని నీకిచ్చా. మీ అన్నయ్య వద్దు, వద్దు అంటున్నా ఇచ్చా."

"అందుకే వదినా..."

"ఏంటందుకే?"

"ఏం లేదు."

"ఆగాగు! లైట్లు!"

"లైట్లకేమైంది?"

"స్ప్రే కొట్టేముందు ఆర్పావా?"

"ఆర్పా."

"ఆకులు ఆరేదాకా ఆర్పే ఉంచావా?"

"తెల్లారేదాకా ఆర్పే ఉంచాలనుకున్నా..."

"అనుకున్నది అడగలేదు. ఉంచావా, లేదా?"

"ఆరకముందే వెలిగాయి."

"వెలిగాయా? వాటంతటవే?"

"అంటే... వెలిగించడం జరిగింది."

"జరిగిందా! ప్రభుత్వ ప్రకటన చదువుతున్నావా నా ముందు? ఎవరు వెలిగించారు?"

"నేనే అనుకోండి."

"అనుకోవడమేంటి? ఆ చెయ్యి నీదా, కాదా?"

"నాదే వదినా. నాదే. సరేనా?"

"హమ్మయ్య! నాకు తెలుసు. అన్నీ చేసి చివర్న అక్కడ తగలబెట్టావ్. తడి ఆకు మీద నూనె, నెత్తిమీద జానెడు దూరంలో అంత లైటు! స్నానం చేయించి పెనం మీద కూర్చోబెట్టావు వాటిని. మా క్లాసులో చివరి బెంచీవాడిక్కూడా తెలుసు ఈ సంగతి. ఆ స్విచ్చు నొక్కిన చేతికి వాత పెట్టాలి!"

"అంత మాటొద్దు వదినా."

"ఏం, రోషమొచ్చిందా?"

"నాక్కాదు."

"ఆఁ?"

"ఏం లేదు. వాత పెట్టేంత తప్పేం కాదంటున్నా. తెలీక నొక్కి ఉంటారు... ఉంటాను."

"తెలీకపోవడమే తప్పు! తెలీనప్పుడు చెయ్యి ఊరుకోవాలి. నీలో నాకు నచ్చనిది ఇదే. వాదించవు. తప్పు చేసినవాడు కనీసం ఓ సాకైనా చెప్పాలి. మా పిల్లలు ఎన్ని చెబుతారో! ఉన్న ఒక్క తాతనే ఏడాదికి నాలుగుసార్లు చంపుతారు."

"సాకుంది. చెప్పబుద్ధి కావట్లేదు."

"ఉంటే అట్టే పెట్టుకో, గోడౌన్‌లో పనికొస్తుంది. ఏదీ నా ఫోను?"

"వదినా, ఒక్క మాట. మూడు కుండీలు బాగానే ఉన్నాయి. మిగతా వాటికి కాలిన ఆకులు తీసేసి, రెండు వారాలు గడువడుగుతా. మొదళ్లు పచ్చగానే ఉన్నాయి, చూడండి. చిగురొస్తుంది."

"నీకా, మొక్కకా?"

"ఇద్దరికీ. నిజంగా వదినా, ఈ పని పోతే నాకు ఇంకోటి చేతకాదు. పొద్దున లేవగానే ముందు ఈ గదిలోకే వస్తున్నా. అన్నయ్యకి రేపు చెప్పండి. ఇవాళొద్దు."

"బతిమాలకు. బతిమాలితే నాకు జాలేస్తుంది, జాలేస్తే నాకు చిరాకు. ఇదిగో, రింగవుతోంది."

"పోనీ స్పీకర్లో పెట్టకండి."

"ఎందుకు పెట్టకూడదు? నీ ఘనత నువ్వూ వినాలి. హలో, ఏవండీ! మీ తమ్ముడు కొంప ముంచాడు."

"ఏమైంది?"

"మొక్కలు మాడ్చిపెట్టాడు. వేపనూనె కొట్టి, ఆకులారకముందే లైట్లు వేసేశాడు. అరగంట నుంచి అడుగుతుంటే ఇప్పుడు ఒప్పుకున్నాడు. ఆ గోడౌనాయనకి చెప్పేయండి, సోమవారం వస్తాడని."

"లైట్లు వాడు వేశాడా?"

"అవును అన్నయ్యా, నేనే..."

"నువ్వుండరా. వాడు ఎప్పుడు కొట్టానన్నాడు?"

"తీరిగ్గా ఉన్నప్పుడట! అంతకంటే చెప్పడు మీ ముద్దుల తమ్ముడు."

"నిన్న మధ్యాహ్నం కొట్టాడు. మాస్కెక్కడుందని నాకే ఫోన్ చేశాడు. మొక్కలకి స్ప్రే కొట్టేసి, లైట్లార్పి, రెండున్నర బస్సుకి వెళ్తున్నా, రాత్రికి గానీ రానన్నాడు."

"అన్నయ్యా, లైను సరిగ్గా లేదు, నేను మళ్లీ చేస్తా..."

"నాకు బాగానే వినిపిస్తోందిరా."

"నిన్ననా? నిన్న మధ్యాహ్నమైతే... వెళ్తే వెళ్లాడు, అయితే ఏంటట?"

"అయితే ఏంటా? నువ్వు స్కూలు నుంచి రాగానే నాకు ఫోన్ చేసి, 'మీ తమ్ముడు మొక్కల్ని చీకట్లో పడేసి ఊరి మీద పడ్డాడు, నేనే వెళ్లి లైట్లన్నీ వేశా, నేను లేకపోతే వాటికి దిక్కెవరు' అని దులిపేశావు కదా! ఇప్పుడు చెప్పు, సోమవారం ఆ గోడౌన్‌కి ఎవరొస్తున్నారని చెప్పమంటావ్?"