మా దానియేలు ఆడినంతసేపూ

“మామ్మా, దానియేలన్న కొట్టిన సిక్సుల్లో నీకు బాగా నచ్చినదేది?”

ఒసే గుంటా, నవ్వకు గానీ, ఆకరాట దాకా ఒక్కటీ సూళ్ళేదే నాను. మీ పెదనాన్న కొడుకు, తల్లి పోతే నా ఒళ్ళో పెరిగినోడు, ఇండియాకి కేప్టెనయినాడు. అయినా సూళ్ళేదు.

ఏటంటే, సిన్నప్పుడు ఇక్కడే, నౌపడ ఉప్పుమళ్ళ పక్కన ఆడతంటే బంతి కణతకి తగిలి పడిపోయినాడు. మీ తాత ఆ మళ్ళలోనే పని సేసీవోడు. అప్పుడు కార్కు బంతంటే రెండ్రోజుల కూలి... కాదు కాదు, వారం కూలి. అదలగుండనీ. ఆ రోజు నుంచి ఆడు బేటు పట్టుకుంటే నాను మోకాళ్ళేసి, కళ్ళు మూసి ప్రార్థన. మజ్జిలో కళ్ళు తెరిస్తే ప్రార్థన తెగిపోదేటి?

టీవీ వొచ్చినాక మరీను. “అమ్మా, బంతి స్టేడియం దాటిపోయిందే!” అని మీ నాన్న గెంతీవోడు. నానేమో మంచంకోడు పట్టుకుని “ప్రభువా, ఆడి తల కాయి” అనీదాన్ని. ఆడు అవుటయితే ఊరంతా ఉసూరుమనీవోరు, నాను స్తోత్రం సెప్పీదాన్ని! తర్వాత మళ్ళీ సూపించినా సూసీదాన్ని కాదు. అయిపోయినదని తెలిసినా పేనం ఒప్పదు కదే.

ఆకరాటకి ముందు ఫోన్ సేసినాడు. “మామ్మా, రేపటితో ఆపేస్తన్నాను. ఈ ఒక్కసారీ నన్ను సూడవే” అన్నాడు. ఓలమ్మ, ఎంత బతిమాలినాడనుకున్నావు! బెంగెట్టుకుని పాస్టరుగారినడిగితే, “కళ్ళు తెరిసి సేసినా దేవుడు ఇంటాడమ్మా” అన్నారు.

సూసినాను. గెడ్డం నెరిసిపోనాదే ఆడికి! ఒకటి లేపినాడు, సూడు, అది మరి కిందకి దిగదనుకున్నాను. ఆ ఎనకాల బంతికే అవుటు. మీ నాన్న తల పట్టుకుని, “నువ్వు కళ్ళు తెరిసీబట్టే” అన్నాడు. ఎల్లెహె, అన్నాను.

సాయంత్రం ఫోనొచ్చింది. “సూసేవా మామ్మా?”

“సూసేన్రా. ఇన్నాళ్ళూ నీకెక్కడ దెబ్బ తగుల్తాదోననే ఏడిసేను. నువ్వు నవ్వుతా ఆడతావని నాకెవులూ సెప్పనేదురా నాన్నా” అన్నాను.

ఫోనెట్టీసే ముందు “సల్లగుండు నాన్నా” అని దీవించినాను.

సల్లగుండవే తల్లీ నువ్వూను. ఏ పని సేసినా అలగ నవ్వుతా సెయ్యి...