కీచుమనే బ్రేకు

(పార్సిప్పనీలో ఒక గ్యారేజీ. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చిన నైనిక దగ్గరకు పక్కింటి జానకీదేవి సైకిలు నడిపించుకొచ్చింది.)

"ఆంటీ, నిజం చెప్పండి. బ్రేక్ డిస్క్ మీద ఏం వేశారు?"

"ఏం వెయ్యలేదమ్మా."

"ఆంటీ!"

"కొంచెం... దోశె పెనం మీద కొట్టే స్ప్రే."

"ఓ మై గాడ్! బ్రేక్‌కి ఆయిలా?"

"తలుపు కిర్రుమంటే నూనె వెయ్యమా?"

"తలుపు ఆగక్కర్లేదు ఆంటీ, సైకిల్ ఆగాలి! నాయిస్ ఆగిందా?"

"నాయిస్ ఆగింది. సైకిలే ఆగలేదు. వెళ్ళి చెత్తడబ్బాని గుద్దాను. మర్నాటికి మళ్ళీ మొదలు, ఇంకా పెద్దగా."

"అంకుల్‌కి తెలుసా?"

"ష్! గట్టిగా అనకు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మళ్ళీ సైకిలెక్కితే, దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు."

"మీరు డాక్టర్ కదా, మోకాలు బాగానే ఉందని మీరే చెప్పచ్చుగా?"

"ఆయనా డాక్టరే. అదే గొడవ. అందుకే ఆయన లేవకముందే లేక్ దాకా వెళ్ళొస్తున్నా. తిరిగొచ్చి డ్రైవ్‌వేలో బ్రేక్ పట్టుకుంటానా, కీచుమని వీధంతా లేచేలా అరుస్తుంది."

"ఓకే. పాత ప్యాడ్స్ నూనె తాగేశాయి, పారేశా. నావి కొత్తవి పెట్టా. డిస్క్ ఆల్కహాల్‌తో తుడిచా. ఇప్పుడు మీరు స్పీడ్‌గా వెళ్ళి, మెల్లగా బ్రేక్ వెయ్యండి. మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. అప్పుడే సెట్ అవుతుంది."

"ఇక్కడా? వీధిలోనా?"

"అంకుల్ ఇంట్లో లేరుగా?"

"ఐసెలిన్‌లో ఇండియన్ కొట్టుకి వెళ్ళారు, గోంగూరకి. సరే, పట్టుకో... వదిలెయ్!"

"బ్రేక్, ఆంటీ!"

"విన్నావా? అస్సలు చప్పుడే లేదు! ఇంకోసారి వెళ్ళొస్తా!"

"సూపర్! మోకాలు ఓకేనా?"

"మోకాలా? అదెక్కడుందో కూడా తెలీట్లేదు!"

"ఆంటీ... ఆంటీ, వెనక..."

"ఏంటే?"

"అంకుల్ కారు."

"అయ్యో, నన్ను దింపు! దింపవే!"

"జానకీ."

"వచ్చేశారా? గోంగూర దొరికిందా? ఇది... ఇది నైనిక సైకిలు. ఊరికే చూస్తున్నా."

"నీ హెల్మెట్ పెట్టుకుని?"

"అదీ..."

"బ్రేకు బాగుచేయించినట్టున్నావే."

"బ్రేకు సంగతి మీకెలా తెలుసు?"

"నైనికా, ఆ చప్పుడు మళ్ళీ వచ్చేలా చెయ్యగలవామ్మా?"

"ఎందుకు అంకుల్?"

"మీ ఆంటీ తిరిగొచ్చేదాకా రోజూ కింద సోఫాలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచుంటా. ఆ కీచు వినపడ్డాకేగా నేను పైకి పరిగెత్తి ముసుగు తన్నేది!"