చెంచాడు నీళ్లు

నవద్వీపంలో మనవడి పెళ్లిరోజు. పెళ్లికూతురి ఇంటికి పంపే తట్టలు సర్దుతూ, ఎర్రటి పెరుగు కుండ దగ్గర ఆగిపోయింది ముసలావిడ. పక్కనే ఆవిడ భర్త, రిటైరైన సైన్సు మాస్టారు.

“ఏమండీ, ఇందులో చెంచా ఎవరు పెట్టారు?”

“ఎవరూ పెట్టలేదు. ఎండకి నీరు వదిలినట్టుంది.”

“ఎండకైతే కుండంతా వదలాలి. ఇక్కడ ఒక్కచోటే చెంచాడు నీళ్లు నిలిచాయి.”

“పైన నున్నగానే ఉందిగా!”

“చెంచా వెనక్కి తిప్పి అద్దారు కాబట్టి. పేరుకున్న పెరుగులో కణాలు చేతులు పట్టుకుని నీటిని ఆపుతాయనీ, ఒకసారి తెగితే మళ్లీ కలవవనీ నాకు చెప్పిందెవరు?”

“నేనే. పాఠం చెప్పినంత మాత్రాన తిన్నట్టేనా?”

“ఒంటినిండా షుగరు పెట్టుకుని తియ్యపెరుగా! పైగా వియ్యాలవారికి ఎంగిలి కుండా?”

“నీమీదొట్టు, నేను ముట్టుకోలేదు.”

“సరే, పోనివ్వండి. వాళ్ల కుండ వంటింట్లో ఉంది. ఇది మీకోసమే తోడుపెట్టాను. రంగుకోసం మాడ్చిన పంచదార చుక్క వేశానంతే, తీపి లేదు.”

“అదా సంగతి! అందుకే అంత చప్పగా ఏడ్చింది!”