మా ఆయనకొచ్చిన తొమ్మిది పాయింట్లు

అదికాదు బాబూ, నేనేమన్నా కొట్టేయమన్నానా? ఆయన మీదున్నవి తీసి నా మీద వెయ్యమంటున్నా, అంతే కదా! గవర్నమెంటుకి ఒక్కటంటే ఒక్కటి తగ్గదు. దానికి కళ్లజోడు తీసి మరీ అలా చూస్తావేం?

ఇదిగో నా లైసెన్సు. దేవమణి. స్కూటీది. తీసుకుని పదకొండేళ్లయింది, ఒక్క మచ్చ లేదు. మచ్చ ఎక్కణ్ణుంచి వస్తుందిలే, స్కూటీ కొన్న మూడో రోజే ముక్త్యాల రోడ్డులో గేదెని గుద్దేసి, బండి తీసుకెళ్లి గోడ పక్కన పెట్టేసా. అప్పట్నుంచీ ఈ కార్డు ఖాళీగా పర్సులో పడుంది. ఎంత చోటుందో చూడు, తొమ్మిదీ పట్టేస్తాయి.

సార్ అనాలేమో నిన్ను. ఆర్టీవో ఆఫీసులో ఉన్నావు, మెళ్లో ఆ తాడూ, కార్డూ. సరే సార్. కిషోర్‌బాబు సార్! నవ్వకు, నాకూ నవ్వొస్తుంది. వీరులపాడు స్కూల్లో ఐదో తరగతి, మూడో బెంచీ, చొక్కా గుండీలు నమిలేవాడివి. మీ అమ్మగారు పుష్పవతిగారు గుండీలు కుట్టలేక నా దగ్గరికొచ్చి మొత్తుకునేవారు. ఇప్పుడేమో పెన్ను మూత నములుతున్నావు. ఏం మారలేదురా నువ్వు... అయ్యో, నోటికొచ్చేసింది. ఏమనుకోకు.

వెనకాల వాళ్లు విసుక్కుంటున్నారా? విసుక్కోనీ. పూట లీవు పెట్టి, పేటలో బస్సెక్కి, నందిగామ దాకా నిలబడే వచ్చా. రెండు నిమిషాలు చెప్పుకోనీ నన్ను.

మా ఆయన కొండలరావు. నువ్వు చూసే ఉంటావు, స్కూలు వార్షికోత్సవానికి కుర్చీలు లారీలో వేసుకొచ్చేవాడే, ఆయనే. ముక్త్యాలలో సిమెంటు లోడు ఎక్కించుకుని పేట, చిల్లకల్లు, నందిగామ మీదుగా బెజవాడ. ఇరవై రెండేళ్లుగా అదే రోడ్డు. ఒకళ్లని గుద్దింది లేదు, చుక్క తాగి బండెక్కింది లేదు. ఏ గుంత ఎక్కడుందో ఆయనకి కంఠతా వచ్చు. బైబిల్ వాక్యాలు మాత్రం రావు. పాస్టర్‌గారు అడిగితే నా మొహం చూస్తాడు.

ఈ పాయింట్ల రూలు వచ్చిన కొత్తలో ఏమైందంటే... నవ్వనంటేనే చెప్తా.

కంచికచర్ల దగ్గర ఆపారు. ఫోన్ మాట్లాడుతూ నడుపుతున్నాడని ఫైను వేశారు. ఈయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా అక్కడికక్కడే కట్టేశాడు. నాలుగు రోజులకి మెసేజి వచ్చింది, ఇంగ్లీషులో. మీ లైసెన్సుకి మూడు పాయింట్లు కలిపాం అని. కలిపాం అంటే ఎవరైనా ఏమనుకుంటారు చెప్పు?

డీజిల్ బంకులో కార్డుంటుంది చూడు, ఇన్ని లీటర్లకి ఇన్ని పాయింట్లని ఎక్కిస్తారే, అది. వాటితోనే మా ఇంటికి ఐదు లీటర్ల కుక్కరొచ్చింది, ఇస్త్రీ పెట్టె వచ్చింది. ఆ పాయింట్ల కోసం డ్రైవర్లు దారిలో మూడు బంకులు దాటిపోయి మరీ నాలుగో దాంట్లో కొట్టిస్తారు. ఇక నేనంటావా, సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పిన పిల్లలకి మూడేసి పాయింట్లు ఇస్తా. పన్నెండొస్తే టిఫిను డబ్బా. మా ఇంట్లో పాయింటంటే ఏదో ఒకటి తెచ్చిపెట్టేదే గానీ ఉన్నది పట్టుకుపోయేది కాదు బాబూ!

"దేవమణీ, గొడవ పెట్టుకోకుండా ఫైను కట్టానని గవర్నమెంటోళ్లు మెచ్చుకున్నారే" అన్నాడు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న టీచర్ని, నేనూ అవునా అన్నా.

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే టైములో లేచి నిలబడ్డా. "నా భర్త నెమ్మదితనం చూసి ప్రభుత్వం వారు మూడు పాయింట్లు ఇచ్చారు, దేవునికి స్తోత్రం" అన్నా. చర్చి మొత్తం స్తోత్రం అంది. ఎడ్విన్ అని, ఈయనతోపాటే లారీ నడుపుతాడు. పదిహేనేళ్ల సర్వీసు, ఒక్క పాయింటూ లేదు. పాపం, తల వంచుకుని కూర్చున్నాడు. పాస్టర్‌గారితో చెప్పి ప్రార్థన చేయించా, ఎడ్విన్‌కి కూడా పాయింట్లు దయచేయమని!

నవ్వనన్నావుగా? సర్లే, నవ్వు. ఆ మానిటరు మీద పడకు గానీ.

ఎడ్విన్‌కి ఇంట్లో ఎంత పోరో తెలుసా? వాళ్లావిడ సూసన్ వారం రోజులు సతాయించిందంట. కొండలరావన్నకి వచ్చాయి, నీకెందుకు రావు, నువ్వేం నడుపుతున్నావో ఏంటో అని.

తర్వాత ఇబ్రహీంపట్నం దగ్గర ఆపారు. అదీ ఫోనే. మళ్లీ మెసేజి, మొత్తం ఆరు. ఈయన గడ్డం గీసుకుంటూ కూనిరాగం అందుకున్నాడు. ఇంకో ఆరొస్తే ఏమిస్తారో అని ఇద్దరం కూర్చుని అనుకున్నాం. ఆయన టేబుల్ ఫ్యానన్నాడు, నేను మిక్సీ అన్నా.

మర్నాడు మా తిరుపతిరావు మాస్టారికి చూపించా ఆ మెసేజి. గొప్పగానే చూపించా. ఆయన రెండుసార్లు చదివి, స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గరికేశాడు. "మేడమ్, ఇవి బహుమతి పాయింట్లు కావండీ. మీరు పిల్లలకి బోర్డు మీద పెడతారే, చుక్కలు, అవీ ఇవీ ఒకటే. పన్నెండైతే లైసెన్సు ఏడాదిపాటు ఆపేస్తారు" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పైగా ఎడ్విన్ ప్రార్థనొకటి! అది దేవుడు వినలేదు కాబట్టి సరిపోయింది.

నీకు గుర్తున్నాయా నా చుక్కలు? బోర్డు మూల పేర్లు, తప్పు చేస్తే పేరు పక్కన సుద్దముక్కతో ఒక చుక్క. ఐదైతే ఆటల పీరియడు లేదు. నీకెప్పుడూ నాలుగుండేవి, ఐదోది పడకుండా ఎలా తిరిగేవాడివో! కానీ నాదో రూలుంది. వచ్చి ఒప్పుకుంటే సగం తుడిచేసేదాన్ని. గ్లోబు పగలగొట్టి, ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, "నేనే టీచర్" అన్నావు చూడు. రెండు తుడిచేసా. గుర్తుందా లేదా? ఆ, ఉంటుంది. చెవులెర్రబడ్డాయి.

ఆ తర్వాత మూడోది. పోయిన నెల, చిల్లకల్లు దాటాక. మొత్తం తొమ్మిది.

ఇంకొక్కసారి దొరికితే పన్నెండు. లారీ ఓనరు ముందే చెప్పేశాడు, లైసెన్సు లేని డ్రైవరు నాకెందుకు, బండి ఇంకొకళ్లకి ఇచ్చేస్తానని. ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఆయన్ని నువ్వు ఇంట్లో చూడలేదు. టీవీ ముందు కుర్చీలో కూర్చున్నా కాలు క్లచ్చు తొక్కుతుంటుంది. యాభై నాలుగేళ్లొచ్చాయి, ఇంకో పని చేతకాదు. ఆ స్టీరింగు లాగేసుకుంటే మనిషి ఏమైపోతాడోనని భయమేస్తుంది బాబూ. నిజంగా భయమేస్తుంది.

ఏంటీ? ఎవరితో మాట్లాడుతుంటే పట్టుకున్నారనా?

ఓనరుతో. పోలీసులకి అదే చెప్పాడు. నాకూ అదే చెప్పాడు. మూడుసార్లూ ఓనరే అన్నాడు.

ఎందుకలా చూస్తావు? నమ్మవా? ఇదివరకు నేను అలా చూసేదాన్ని, నువ్వు బెంచీ మీద నీళ్లు నమిలేవాడివి.

సరే. చలానా మీద టైముంటుంది కదా. కంచికచర్లది పదకొండు నాలుగుకి. నా ఫోన్లో చూసా. పదకొండు మూడుకి, ఆయనకి, నేను. ఇబ్రహీంపట్నంది పదకొండు పదికి. నేను చేసింది పదకొండు ఎనిమిదికి. మా స్కూల్లో పదకొండింటికి ఇంటర్వెల్ బాబూ.

ఏం కొంప మునిగిందని చేసావంటావేమో. ఏమీ మునగలేదు. ఒకరోజు పచ్చడికి ఉప్పు సరిపోయిందా అని. ఇంకోరోజు అదీ లేదు, ఎక్కడున్నావు అని. కీసర దాటా అంటాడు. అంతే, అక్కణ్ణుంచి మొదలు. ఏ చేలో మిరప ఎర్రబడిందో, ఏ టీ కొట్టువాడు అల్లం దండిగా వేశాడో, ముందు వెళ్లే బస్సు వెనక ఏం రాసుందో అన్నీ చెప్తాడు. ఇంట్లో ఈయన నోట్లోంచి రోజుకి మూడు మాటలు. అన్నం పెట్టు. ఫ్యాను వెయ్యి. పడుకుంటున్నా. అదే బండి కదిలిందంటే చాలు, నోరు కట్టెయ్యలేం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ ఆ రోడ్డు మీదవే.

బండి పక్కన ఆపి మాట్లాడొచ్చుగా అంటావు. చెప్పి చూసా. ఆపితే నిద్రపోతాడు, మళ్లీ మూడు మాటలే. చెవిలో పెట్టుకునేది కొనిచ్చా. ఈ వయసులో నాకు చెవిపోగులేంటే అని డాష్‌బోర్డులో పడేశాడు.

ఇంకోటుంది. ఇది మా తిరుపతిరావు మాస్టారికి కూడా చెప్పలేదు. తలుపు వేసి ఆయన చుక్కల సంగతి చెప్పాడు చూడు, అది ఆరు పాయింట్లప్పుడు. టైములు కూడా ఆ సాయంత్రమే చూసుకున్నా. ఆ రెండూ నావేనని ఆ రోజే తెలుసు నాకు. మరి మూడోది? తెలిసాకే చేసా. ఫోన్ టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేసుకున్నా, పది రోజులు ఆగా. పదకొండో రోజు ఇంటర్వెల్ బెల్లు కొట్టారు, తాళం నేనే తీసా. చిల్లకల్లు దాటాక ఆయన్ని పట్టుకున్నప్పుడు అవతల వినపడింది నాకు, "ఫోన్ ఎవరయ్యా" అంటే "ఓనరండీ" అన్నాడు. నా పేరు చెప్పలేదు. ఇంటికొచ్చాక నాకూ ఓనరనే చెప్పి, అన్నం పెట్టు అన్నాడు.

నిన్న కూడా చేసా బాబూ. మానలేకపోతున్నా కాబట్టే నా మీద వెయ్యమంటున్నా.

ఒప్పుకున్నా కదా. సగం తుడిచెయ్. మన రూలే కదా అది.

కుదరదా. కంప్యూటరు ఒప్పుకోదా. బోర్డయితే చీరకొంగుతో తుడిచేసేదాన్ని... సర్లే, నీ తప్పేముంది. పెన్ను మూత నమలకు, పళ్లు పాడైపోతాయి.

ఏంటీ? మళ్లీ చెప్పు. రెండేళ్లు ఏ తప్పూ దొరక్కపోతే వాటంతటవే పోతాయా? అంటే ఆయనేం చెయ్యక్కర్లేదు. నేను ఆ టైములో ఫోన్ చెయ్యకపోతే చాలు. రెండేళ్లు. ఏడొందల ముప్పై రోజులు. బాగుంది, లైసెన్సు ఆయనది, శిక్ష నాకు. పడాల్సినవాళ్లకే పడిందిలే.

అయ్యో, నా ఫోనే. ఉండు, సంచీలో ఎక్కడో... ఎంతయింది టైము? పదకొండుంపావు. ఆయనే. ఇవాళ నేను చెయ్యలేదుగా, అందుకని ఆయనే చేస్తున్నాడు. ఎప్పుడూ చెయ్యడు బాబూ, ఇరవై రెండేళ్లలో ఆయనగా ఒక్కసారీ చెయ్యలేదు!

తియ్యను. ఏ రోడ్డు మీదున్నాడో ఏంటో. నువ్వు కూడా ముట్టుకోకు, మోగనీ.

ఆగిపోయింది.

ఇంకా ఏడొందల ఇరవై తొమ్మిది. ఆ కార్డు ఇలా ఇచ్చెయ్ బాబూ, బస్సుకి టైమవుతుంది.