వినడం నేర్పిన అబీదా గారు

1992 జూన్ 15వ తేదీన తెనాలిలోని తీరజ్యోతి సేవాసంస్థలో క్షేత్ర కార్యకర్తగా చేరిన శ్రీమతి షేక్ అబీదా గారు, మూడు దశాబ్దాలకు పైబడిన సేవానంతరం, శిక్షణ విభాగ సమన్వయకర్తగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిన నాటికి ఆ విభాగమే లేదు. వారు పట్టుబట్టబట్టే అది ఏర్పడింది.

ఆ రోజుల్లో కొత్తవారికి ఒక ఊరి పేరు చెప్పి బస్సెక్కించడమే శిక్షణ. దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసే స్త్రీల కుటుంబాల మధ్య తొలి సంవత్సరాలు గడిపిన అబీదా గారు, దెబ్బలు తిన్న ఇల్లాలిని ఎలా పలకరించాలో తమంతట తామే నేర్చుకున్నారు. ఆ బాధలు చూసి తట్టుకోలేక ఉద్యోగం మానేసిన సహచరులనూ చూశారు.

2006లో విశాఖపట్నంలో జరిగిన కౌన్సెలింగ్ శిక్షణకు సంస్థ వారిని పంపింది. ఏటా ఒక్కరికే దక్కే అవకాశమది. మరుసటి ఏడు కూడా వారినే పంపాలని కార్యదర్శి తోమాసు గారు నిర్ణయించగా, అబీదా గారు సవినయంగా నిరాకరించారు.

"నన్నొక్కదాన్నే పంపితే ఏం లాభమండి? అక్కడ మాకు నేర్పిన మేడమ్‌నే ఇక్కడికి పిలిపించండి. అందరం నేర్చుకుంటాం."

"అందరూ హాల్లో కూర్చుంటే ఊళ్ళకి ఎవరెళ్తారమ్మా?"

"తెలీకుండా వెళ్ళి చేసేదేంటి సార్? మనం అడక్కూడనిది అడిగొచ్చేస్తే, ఆనక తన్నులు తినేది ఆ ఇల్లాలండి."

తోమాసు గారు అంగీకరించారు.

తెనాలిలో జరిగిన ఆ తొలి శిక్షణలో సన్నివేశాలు నటించి చూపమన్నారు. తాగివచ్చిన భర్త పాత్ర అబీదా గారిది. భార్య పాత్ర కొత్తగా చేరిన ఆదిలక్ష్మి గారిది. పలకరించడానికి వచ్చిన కార్యకర్తగా మరొకరు నటించారు. అబీదా గారు బల్ల గుద్ది అరిచిన అరుపులకు వాచ్‌మన్ జకరయ్య గారు కర్ర పుచ్చుకుని లోపలికి దూసుకువచ్చారు.

"ఎవడ్రా అది? ఆడపిల్ల మీదా నీ ప్రతాపం?"

"నేనే బాబాయ్!" అన్నారు అబీదా గారు కొంగు సర్దుకుంటూ. హాలంతా నవ్వింది. ఆదిలక్ష్మి గారు మాత్రం నవ్వలేదు.

"మొగుడి ఎదురుగానే 'నీకేమైనా కష్టముందా' అని అడుగుతుంటే నోరు పెగల్లేదక్కా," అన్నారామె.

ఆ నెలలోనే చెరుకుపల్లిలో, చేయి వాచిన ధనమ్మ గారి ఇంటికి ఆదిలక్ష్మి గారు వెళ్ళారు. గుమ్మంలో నిలబడిన భర్త, "కాలు జారి పడిందండి," అన్నాడు. ఆమె అతణ్ణి ఏమీ ప్రశ్నించక, మంచినీళ్ళు అడిగి, ధనమ్మ గారి వెంట పెరట్లోకి నడిచారు.

"ఇంట్లో ఉండాలంటే భయంగా ఉందా అక్కా?"

"ఇయ్యాల నన్ను చంపేస్తాడమ్మా."

కబురందగానే అబీదా గారు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. సాయంత్రానికి ధనమ్మ గారు రేపల్లెలో వైద్యం పొంది, అటుపై బాపట్లలోని ఆశ్రయ గృహానికి సురక్షితంగా చేరారు.

అనంతరం బాపట్ల, రేపల్లె శాఖలలోనూ శిక్షణ తరగతులు క్రమంగా సాగాయి. దూరవిద్యలో చదివే కార్యకర్తలకు పరీక్షల సెలవు అబీదా గారి పట్టుదల వల్లనే లభించింది. ఆ విధంగా సామాజిక సేవాశాస్త్రంలో పట్టా పొందిన ఆదిలక్ష్మి గారే ఇకపై శిక్షణ విభాగ బాధ్యత స్వీకరిస్తున్నారు.

గత మాసం రేపల్లె తరగతిలో పాఠం చెప్పినది ధనమ్మ గారు. కొత్త కార్యకర్తల ఎదుట తొలుత తడబడి, పిదప నిబ్బరంగా అన్నారు: "మా ఇంటికొచ్చి సర్దుకుపొమ్మని మాత్రం చెప్పకండమ్మా. ముందు మేం చెప్పేది వినండి." వెనుక వరుసలో కూర్చున్న అబీదా గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

భర్త వాజిద్ గారితో, కుమార్తె సానియాతో వారు ఇకనైనా తీరికగా గడపాలనీ, నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, మేము పిలిచినప్పుడల్లా వచ్చి మా తప్పులు దిద్దే ఓపిక వారికి ఎన్నటికీ తరగకూడదనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను.

— రాజ్ కుమార్, బాపట్ల శాఖ