గొడుగు పడేసిన ముక్కలు

లాగోస్, ముషిన్. ఆదివారం మధ్యాహ్నం, కరెంటు లేని గది. ఒబియజులు చేతిలో ఫోను. అతని భార్య ఉకమక కత్తిపీట ముందు కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది.

"...ఆగు, చివరిదాకా విను. నిన్న ఫోనులో పేకాట. నా చేతిలో జాకీ, పది. రెండూ ఆటీన్లే. బల్ల మీద మూడు ముక్కలు పరిచారు. తొమ్మిది ఆటీన్, ఎనిమిది ఆటీన్, ఇంకోటేదో పనికిరాని రెండు."

"అంటే నీ దగ్గర ఏమీ లేనట్టే."

"ఇప్పటికి లేదు. ఇంకో ఆటీన్ పడిందా, ఐదూ ఒకే గుర్తు. ఏడు పడినా, రాణి పడినా వరస కుదిరిపోతుంది. నన్ను గెలిపించే ముక్కలు పేకలో పదిహేనున్నాయి."

"పడకపోతే?"

"అందుకే పడేదాకా చూస్తూ కూర్చోకూడదు. అవతలివాడు పందెం వేశాడా, నేను ఉన్నదంతా నెట్టేస్తాను. వాడు భయపడి ముక్కలు పడేస్తే డబ్బు నాది. భయపడకుండా వాడూ కడితే, అప్పుడు ముక్క పడుతుందేమో చూస్తాను. రెండు దారులు. ఊరికే కట్టి కూర్చునేవాడికి ఒక్కటే దారి."

"తెలుసు. చెప్పావుగా, పెళ్ళైన కొత్తలో. పల్లీలు పందెం పెట్టి."

"పందెం నువ్వు తినేసేదానివి."

"ఆకలేసేది మరి."

"ఊఁ."

"ఎబా ముద్ద కలపనా? తింటావా?"

"తర్వాత."

"పొద్దున కూడా తర్వాతే అన్నావు."

"తింటాలే అన్నానుగా."

"సరే. మరి పడేశాడా, ఆ అవతలివాడు?"

"పడేశాడు. చాలాసేపు ఆలోచించి ఆలోచించి పడేశాడు."

"ఏముండి ఉంటుంది వాడి దగ్గర?"

"మహా అయితే ఒక జత. అంతకంటే ఉంటే పడేయడు. ఒకే అంకె ముక్కలు మూడు చేతికొస్తే పిచ్చివాడు కూడా పడేయడు."

"ఎవరు వాడు?"

"ఎవరికి తెలుసు. గొడుగు అని పేరు పెట్టుకున్నాడు. ఎవడో ఘనావాడై ఉంటాడు. నేను ఏ బల్ల దగ్గర కూర్చుంటే అక్కడికే వస్తాడు."

"ఎందుకు, ఓడిపోవడానికా?"

"అదే నాకూ అర్థం కాదు. కొంతమందికి ఓడిపోవడం అలవాటు. ఆదివారం మాత్రం రాడు. చర్చికి పోతాడేమో."

"మీ షెడ్డు యజమాని, ఆ ఓగా, మళ్ళీ ఫోన్ చేశాడు."

"నాకూ చేశాడు."

"ఏమన్నావు?"

"ఎత్తలేదు."

"జనరేటర్ల షెడ్డులో నీ చోటు ఇంకా ఖాళీగానే ఉంచాడట. ఈ సాయంత్రానికల్లా చెప్పమన్నాడు. చెప్పకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాడట. ఇన్నాళ్ళు ఆగాడు, ఆయన మాత్రం ఎంతకని ఆగుతాడు?"

"చెప్పేస్తాలే. రానని."

"రానని?"

"వానలు మొదలైనప్పటినుంచీ గెలుస్తూనే ఉన్నాను. మళ్ళీ పోయి ఆ నూనెలో చేతులు పెట్టాలా? రేపు పెద్ద పందేల బల్లకు పోతున్నాను."

"గెలుస్తున్నావు సరే. ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరేంటి? అందరి దగ్గరా."

"అందరి దగ్గరా?"

"మిగతావాళ్ళ దగ్గర కొంచెం అటూ ఇటూ. గొడుగు దగ్గర బాగా. ఏమైతే ఏం, డబ్బు డబ్బేగా."

"పెద్ద బల్ల దగ్గర కూడా వాడిలాగే పడేస్తారా, నువ్వు నెట్టినప్పుడల్లా?"

"భయం ఎవడికైనా భయమే."

"వాడిది భయం కాకపోతే?"

"మరేంటి?"

"ఏమో. అడిగానంతే. ఆ గిన్నె ఇటు జరుపు."

"ఇదుగో."

"నెట్టేశాక ఎలా ఉంటుంది నీకు? గుండె దడదడలాడదా?"

"లేదు. ఏమీ ఉండదు. అదే బాగుంటుంది. ఒకసారి అంతా నెట్టేస్తే కరెంటు పోనీ, ఫోను చచ్చిపోనీ, మిగతా ముక్కలు వాటంతటవే పడతాయి. నేను చేయాల్సింది ఇంకేమీ ఉండదు. చూడక్కర్లేదు కూడా. ఇలా పక్కన బోర్లా పెట్టేస్తాను."

"చూడవా?"

"కాసేపాగి చూస్తాను. గెలిచి ఉంటాను, లేదా ఓడి ఉంటాను. రెంటికీ పెద్ద తేడా తెలీదు."

"తేడా తెలీనప్పుడు ఆడడం దేనికి?"

"ఆగడం చేతకాక. ఒకసారి ఆగాంగా. పొద్దున్నదాకా చూద్దాం, జ్వరం అదే దిగుతుంది అన్నది నేనేగా."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"వద్దనే అంటున్నాను."

"నేనూ సరేనన్నాను ఆ రోజు. నువ్వొక్కడివే అన్నట్టు మాట్లాడకు."

"వద్దన్నానుగా."

"సరే. వద్దు."

"వాడు నా పేరు అడిగాడు ఒకసారి."

"ఎవడు?"

"గొడుగు. బల్ల పక్కన రాసుకోవచ్చు, మాటలు. నీ పేరేంటి అని రాశాడు. జిముజో నాన్నని అని రాసేశాను. చేతికి అలవాటు."

"ఊఁ."

"రాశాక చూసుకున్నాను. చెరపడానికి ఉండదందులో."

"వాడేమన్నాడు?"

"మీవాడు ఎలా ఉంటాడు అని అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పాను. పై పళ్ళు రెండూ ఊడాయని, చెప్పులు ఎప్పుడూ కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుంటాడని. చేపకళ్ళు తనకే కావాలని పేచీ పెడతాడని. అన్నీ 'వేసుకుంటాడు', 'పెడతాడు' అనే రాశాను. 'వేసుకునేవాడు', 'పెట్టేవాడు' అని రాయలేదు."

"అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"ఇంకా ఉన్నాడన్నట్టు రాశావని."

"అది చదివాడు వాడు. తర్వాత ఆటలో ముక్కలు పడేశాడు."

"ఈ ఇంట్లో నువ్వు ఆ పేరెత్తి ఎన్నాళ్ళయింది?"

"ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు. వాడికి చెప్పడం తేలిక."

"నాకు చెప్పడం కష్టం."

"నీకు చెప్పడానికేముంది? నీకన్నీ తెలుసుగా."

"పళ్ళ సంగతి నాకు తెలుసు. నువ్వు ఇంకా తలచుకుంటున్నావని తెలీదు."

"ఊఁ."

"బజారులో ఇప్పటికీ నన్ను జిముజో అమ్మా అనే పిలుస్తారు. పిలిచేసి నాలుక కరుచుకుంటారు. నువ్వైతే అసలు ఏమనీ పిలవడం మానేశావు. ఇదుగో, ఇటు చూడు, అంటావు."

"ఏమని పిలవాలి మరి?"

"నాకు మాత్రం తెలుసా?"

"ఇదుగో... నీ చీటీ వచ్చిందిగా?"

"ఏ చీటీ?"

"ఏ చీటీ ఏంటి? మీ చేపల బజారు ఆడవాళ్ళది. వానల ముందే ఎత్తావుగా. ఫ్రీజరు కొంటానన్నావు. కొనలేదు."

"ధర పెరిగింది."

"అయితే డబ్బు ఉన్నట్టే. నాకివ్వు. పెద్ద బల్లకు నా దగ్గర ఉన్నది కొంచెం తక్కువవుతుంది. నెలలో తిరిగిచ్చేస్తాను, ఫ్రీజరుతో సహా."

"నా డబ్బు ముట్టనన్నావుగా. షెడ్డు మానేసిన రోజున, గుమ్మంలో నిలబడి."

"అప్పుడు అలా ఇస్తే జాలిపడి ఇచ్చినట్టుండేది. ఇది అప్పు."

"ఫ్రీజరు లేక ఎంత చేప పారేశానో తెలుసా ఈ వానల్లో?"

"అందుకే అంటున్నాను, రెండు ఫ్రీజర్లు కొందాం. ఎక్కడ పెట్టావు?"

"ఓగాకు ఫోన్ చేయి. వస్తానని చెప్పు. తర్వాత మాట్లాడుకుందాం."

"ముందు ఇది చెప్పు."

"ముందు నువ్వు ఫోన్ చేయి."

"మీ అన్నకిచ్చావా?"

"లేదు."

"చర్చిలో ఇచ్చావా?"

"లేదు."

"ఎవడికైనా పోగొట్టావా? నిజం చెప్పు. అరవను. అరిచే ఓపిక కూడా లేదు నాకు."

"పోలేదు. నీ దగ్గరే ఉంది."

"నా దగ్గరా?"

"ఆ ఫోనులో. పెద్ద బల్లకు తీసుకుపోతానంటున్నావే, అదే."

"ఇది నేను గెలిచింది. నీ దగ్గర ఒక్క నైరా తీసుకోలేదు నేను."

"ఇస్తే తీసుకోవుగా."

"ఏం మాట్లాడుతున్నావు?"

"నువ్వు నెట్టగానే గొడుగు చాలాసేపు ఆలోచించాడన్నావు. ఆలోచించలేదు. గిరాకీ వచ్చింది, చేప కోసి కట్టిచ్చి చెయ్యి తుడుచుకుని వచ్చాను. నా చేతిలో రెండు తొమ్మిదులున్నాయి, మూడోది బల్ల మీదుంది, పడేశాను, జిముజో నాన్నా."